పుట్టగొడుగుల షెడ్లో పన్నెండు దీపాలు

ఆ ఇంట్లో రోజూ తెల్లారి ఐదింటికి అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లో పొయ్యి దగ్గర ఎదురుపడతారు. అత్తగారు పుట్టగొడుగులు పెంచే షెడ్లలో మొదటి షిఫ్టు మేస్త్రీ. అక్కడ అందరూ ఆవిణ్ణి పెద్దక్క అంటారు. కోడలు తడి చోట్ల వాడే ఎల్‌ఈడీ దీపాలు తయారుచేసే చిన్న కంపెనీలో డిజైనరు. పోట్లాడుకోవడానికి తీరిక లేకపోవడం వల్లనో ఏమో, మంచి అత్తాకోడళ్లని వీధిలో వాళ్లిద్దరికీ పేరుంది.

ఆ ఉదయం కోడలు నవ్వుతూ లేచింది. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో టీ తాగకముందు ఆ పిల్ల నవ్విన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

"రేపు అచ్చు ఖాయం చేస్తున్నారత్తయ్యా," అంది గ్లాసులు కడుగుతూ. "మీ షెడ్లో పరీక్షకి పెట్టిన పన్నెండు దీపాలూ ఆరు నెలలు నిక్షేపంగా వెలిగాయి కదా, మా పెద్దసారు ఇంక మారుమాట్లాడలేదు. మొదటి రెండు వేలూ ఆసుపత్రుల్లో బట్టలుతికే గదులకి వెళ్తాయట."

అచ్చంటే దీపం మూత పోసే ఇనుప మూస. దాన్ని ఒకసారి చెక్కించాక దీపం రూపం మార్చడం కుదరదని కోడలే ఎన్నోసార్లు చెప్పింది. అత్తగారు "మంచిదమ్మా" అని, పొయ్యి సంగతి మరిచి అక్కడే నిలబడిపోయింది. టీ పొంగి పొయ్యి పాలైంది. ఆవిడ కొడుకు స్కూలు బస్సు నడుపుతాడు. అతను కళ్లు నులుముకుంటూ వచ్చి, పొయ్యి తుడుస్తూ, ఇద్దరూ ఏకమై తనకి టీ లేకుండా చేశారని సణిగాడు. కోడలొక్కతే నవ్వింది.

దీపాలు ఆరు నెలలు వెలిగిన మాట నిజమే. ఎలా వెలిగాయో అత్తగారికొక్కదానికే తెలుసు.

రెండో నెలలోనే ఒక దీపం అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. నాలుగు రోజులకి అడుగున నీళ్లు నిలిచాయి. సరిగ్గా ఆ వారమే, కోడలు అంతకుముందు చేసిన ఇంకో దీపం ఎందుకూ పనికిరాదని కంపెనీ పక్కన పడేసింది. మూడు రోజులు ఆ పిల్ల సరిగా తిండి ముట్టలేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. నీళ్ల చప్పుడులో ఏడుపు వినబడదనుకుంది కాబోలు. ఇంటిల్లిపాదికీ వినబడింది. ఇప్పుడిది కూడా చెబితే పిల్ల తట్టుకోలేదనిపించింది అత్తగారికి. షిఫ్టు అయ్యాక నిచ్చెన వేసుకుని, ఎనిమిది మరలు విప్పి, నీళ్లు తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించేసింది.

ఈ ఒక్కసారికే అనుకుంది. ఒకటి మూడయింది, మూడు తొమ్మిదయ్యాయి. మిగతా ఆడవాళ్లు బుట్టలు కడిగి ఇళ్లకి పోతుంటే ఆవిడ మళ్లీ నిచ్చెన ఎక్కేది. కోడలు నెలకోసారి వచ్చి, బూట్లు తడవకుండా షెడ్డు గుమ్మంలోనే నిలబడి, అన్నీ వెలుగుతున్నాయా అని అడిగి కాగితం మీద రాసుకుని పోయేది. వెలుగుతున్నాయమ్మా అనేది ఆవిడ. అందులో అబద్ధమేమీ లేదని మనసుకి సర్దిచెప్పుకునేది. మనసు ఊరుకుంది గానీ మణికట్టు ఊరుకోలేదు. సీసా మూత తియ్యాలన్నా కొడుకుని పిలవాల్సి వచ్చేది. వయసు మీద పడుతోంది అని నవ్వేసేది.

ఆ రోజు షెడ్లో ఆవిడ చేతులు పని చేశాయే గానీ బుర్ర పని చెయ్యలేదు. ఎన్నడూ చూడని ఆసుపత్రుల్లో బట్టలుతికే గదులు కళ్ల ముందు మెదిలాయి. అక్కడా తనలాంటి ఆడవాళ్లే ఉంటారు, తడి నేల మీద, తడి చేతులతో. వాళ్ల నెత్తిమీద దీపాల్లో నీళ్లు చేరితే నిచ్చెన ఎక్కి తుడిచే అత్తగారు వాళ్లకెవరూ ఉండరు.

ఇంటికొచ్చి కూరలు తరుగుదామని కత్తి పట్టుకుంటే చేతిలోంచి జారిపోయింది. పడుకుంటే తీరే అలసట కాదది. కోడలు వచ్చేసరికి ఐదున్నరయింది. ఆగితే ధైర్యం చాలదని, ఆ పిల్ల బూట్లు విప్పుతుండగానే చెప్పేసింది. మొదటి దీపం నుంచి తొమ్మిదో దీపం దాకా, ఏదీ దాచకుండా.

కోడలు ఒక బూటు చేత్తో పట్టుకుని అంతా వింది. కోపానికీ ఏడుపుకీ రెంటికీ సిద్ధపడి ఉంది అత్తగారు. కోడలి గొంతులో రెండూ లేవు.

"ఎన్నిసార్లు విప్పారు?"

"లెక్క పెట్టలేదమ్మా. వారానికి రెండు మూడుసార్లు."

"అయితే ఈ ఆరు నెలలూ నేను రాసుకున్నదంతా అబద్ధమే."

"నువ్వు బాధపడతావని..."

"పడతాను. పడనివ్వాల్సింది. అది నా దీపం అత్తయ్యా. అది పాడైతే అందరికంటే ముందు నాకు తెలియాలి. నన్ను చిన్నపిల్లని చేసేశారు."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొడుకు, అమ్మ నీ మంచి కోరే చేసింది కదా అని అడ్డుపడబోయాడు. ఇద్దరూ ఒక్కసారే అతన్ని ఊరుకోమన్నారు. అతను బస్సు తాళాలు చేతిలో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

చిన్నపిల్లని చేశారన్న మాట అత్తగారికి ఎక్కడో తగిలింది. ఉక్రోషం ఆగలేదు.

"నువ్వొక్కసారైనా లోపలికొచ్చావా అమ్మాయ్? గుమ్మంలోంచి చూస్తే వెలుగే కనిపిస్తుంది, నీళ్లు కనిపించవు. మొన్న మరలో స్క్రూడ్రైవర్ పెట్టగానే చెయ్యి భుజం దాకా జిల్లుమంది. స్విచ్చి ఆపే ఎక్కాను. కింద ఎవరో చూసుకోకుండా వేసేశారు. నిచ్చెన మీంచి పడలేదు, అంతే. అదీ నీకు చెప్పలేదు."

అది అనాలనుకోలేదు. నోరు జారిపోయింది. కొడుకు గోడ వదిలి ముందుకొచ్చాడు. కోడలు చేతిలో బూటు అక్కడే వదిలేసింది. లేచి వచ్చి అత్తగారి కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, వెలుతురులోకి తిప్పి చూసింది. మణికట్టు వాచి ఉంది. బొటనవేలి పక్కన మరలు తిప్పి తిప్పి కాయ కాసింది.

"రోజూ ఈ చేత్తోనే నాకు టీ ఇస్తున్నారు," అంది. "నేను గ్లాసే చూశాను."

ఆ తర్వాత ఎవరినీ అడగకుండా ఫోను తీసి పెద్దసారుకి కలిపింది. అచ్చు ఆపమంది. కారణం అడిగితే తను సరిగా చూసుకోలేదంది. అత్తగారి పేరెత్తలేదు. ఆయన కేకలు ఫోనులోంచి వంటింటిదాకా వినబడ్డాయి. వారం రోజుల్లో సంగతేమిటో తేల్చుకురమ్మన్నాడు. తేలకపోతే ఉద్యోగం వేరే చూసుకోమన్నాడు. కోడలు సరే సార్, సరే సార్ అంటూనే అత్తగారి చెయ్యి వదల్లేదు.

మర్నాడు కోడలు సెలవు పెట్టి, ఎవరివో పెద్ద సైజు రబ్బరు బూట్లు తొడుక్కుని అత్తగారి వెనకే షెడ్లోకి నడిచింది. లోపలి ఉక్కకి ఐదు నిమిషాల్లో చొక్కా వీపుకి అంటుకుపోయింది. అత్తగారు ఒక్కో దీపం చూపిస్తూ తనకి తెలిసినదంతా చెప్పింది. తలుపు దగ్గరి మూడూ ఎప్పుడూ నీళ్లు పట్టవు, వాటిదాకా పైపు అందదు. షిఫ్టు చివర గోడలు కడిగిన రోజున మిగతావాటికి ఎక్కువ పడుతుంది. ఆలస్యంగా దీపాలు వేసిన రోజున తక్కువ. కోడలు రాసుకుంటూ, రాసుకుంటూ, మధ్యలో కలం ఆపేసి అత్తగారి వంక చూసింది.

"ఇవన్నీ ఎప్పుడు గమనించారు?"

"తుడిచేదాన్ని నేనే కదమ్మా."

మధ్యాహ్నం మిగతా ఆడవాళ్లు పైపుతో గోడలు కడగడం మొదలుపెట్టారు. ఎనిమిది గంటలపాటు వెలిగి వేడెక్కిన దీపాల మీద చన్నీళ్లు చిమ్మాయి. కోడలు నిచ్చెన మీద నిలబడి అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా చూస్తోంది. కాసేపటికి అద్దం లోపల ఒక మూల చిన్న మబ్బు పట్టింది. అది నెమ్మదిగా పాకింది.

కోడలు కిందికి దిగి, తిరగేసిన బుట్ట మీద కూర్చుంది. కంపెనీలో ఎప్పుడూ చల్లగా ఉన్న దీపం మీదే నీళ్లు కొట్టి చూశామని చెప్పింది. వేడి దీపం గబుక్కున చల్లబడితే లోపలి గాలి ముడుచుకుపోయి, బయటి తడిని సందుల్లోంచి లాక్కుంటుందట. ఎంత గట్టిగా మూస్తే అంత మంచిదనుకుందట తను. నీళ్లు రాకుండా గాలి మాత్రం వచ్చిపోయే చిన్న దారి వదలాలట. అంటే మూత మళ్లీ మొదటినుంచీ గియ్యాలి. వారంలో ఎక్కడ అవుతుందో తెలియదు.

అత్తగారికి అందులో సగమే అర్థమైంది. పిల్ల గొంతు వణుకుతోందన్నది పూర్తిగా అర్థమైంది. అలవాటు చొప్పున జేబులోంచి స్క్రూడ్రైవరూ, పొడిగుడ్డా తీసి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"వద్దత్తయ్యా, తుడవకండి. ఉండనివ్వండి. నన్ను చూడనివ్వండి."

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. దీపం వైపు చూస్తూనే కోడలు ఏడుస్తోంది. ఇంతమంది మధ్య, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ముక్కు ఎగబీల్చుకుంటూ. గుడ్డతో ఆ కళ్లు తుడవబోయి అత్తగారు ఆగిపోయింది. ఇంకో బుట్ట తిరగేసి పక్కన వేసుకుని, నడుం పట్టుకుంటూ మెల్లగా కూర్చుంది.

"ఏడువమ్మా," అంది. "నేనిక్కడే కూర్చుంటాను."