తోక తప్పిన గుండు

"పోలీసులతో ఆ హాల్లోకి దూసుకెళ్తే నిమిషంలో కేసు క్లోజ్. బాలన్న పదేళ్ల కష్టం కూడా క్లోజ్," అన్నాడు చీఫ్ ఈశ్వరయ్య.

నాగర్‌కర్నూల్‌లో పురుగుమందుల దుకాణం మీద ఇరుకు గది. ఫ్యాను తిరుగుతోందన్న పేరే గానీ గాలి లేదు. ఎదురుగా ఏజెంట్ తిరుపతి. గూఢచారికి అదేం పేరని నవ్విన వాళ్లలో ఇద్దరు ప్రస్తుతం జైల్లో ఉన్నారు.

గట్టు మండలం రైతు బాలన్న, నీళ్లు తక్కువైనా కాసే పత్తి రకం తయారు చేశాడు. ఒక విదేశీ ముఠా ఆ తల్లి విత్తనాన్ని ఎత్తుకుపోయి, చేనుకు నిప్పు పెట్టింది. అడ్డుపడిన బాలన్న చేతులు కాలి గద్వాల దవాఖానలో పడి ఉన్నాడు. లోకంలో ఆ రకానికి మిగిలినవి ముఠా చేతిలో ఉన్న గింజలే.

"ఎక్కడ దాచారు సార్?"

"సీసం గుండులో. ఎక్స్‌రే సీసాన్ని దాటి లోపలికి చూడలేదు. ఈ మధ్యాహ్నం వనపర్తిలో పాత ఆయుధాల ఎగ్జిబిషన్. కోటగోడల మీది పెద్ద తుపాకులకు గుండ్లు పోసిన ఇనుప అచ్చులు రెండున్నాయి. ఒక్కోదాని పక్కన నిమ్మకాయంత గుండు. ఒకటి గట్టిది, ఒకటి డొల్ల. కార్ల్ అనే ఫారినర్ అన్నీ కొని రాత్రి ఫ్లైట్ ఎక్కుతాడు."

"రెండూ లాక్కొస్తే?"

"పక్కనే స్టవ్ మీద మూకుట్లో సీసం కాగుతుంటుంది. గుండ్లు పోసే డెమో అట! అనుమానం వస్తే చాలు, గుండు అందులో పడుతుంది. గింజలు మసి."

ఈశ్వరయ్య రెండు ఫొటోలు ముందుకు తోశాడు.

"అచ్చు వయసు గుర్తుపట్టడం నేర్చుకో. ఇది పాతది. పట్టకారులా రెండు దవడలు, అంతే. సీసం పోసిన కన్నం దగ్గర గుండుకు తోక మిగులుతుంది. దాన్ని తర్వాత విడిగా పట్టకారుతో తుంచేసేవాళ్లు. అందుకే మచ్చ గరుకుగా, మొద్దుగా ఉంటుంది. ఇది చాలా ఏళ్ల తర్వాతది. నెత్తిన తిరిగే రేకుంది చూడు. తిప్పితే అదే తోకను కోసేస్తుంది. మచ్చ నున్నగా బిళ్లలా వస్తుంది."

"లోపల మనవాళ్లు?"

"సుమన. మ్యూజియం ఎక్స్‌పర్ట్ వేషంలో ముఠాలో ఉంది. ఏ గుండో ఆమే చెప్తుంది."

"మరి నాకీ పాఠమెందుకు సార్?"

"నాకు నిద్ర పట్టడానికి."

వనపర్తి ఫంక్షన్ హాలు. తిరుపతి ఇప్పుడు గద్వాల చీరల వ్యాపారి. కళ్లజోడులో భూతద్దం, చొక్కా బొత్తాంలో సిగ్నల్. పక్కన చీరల మూటతో బాలన్న భార్య హన్మమ్మ. దొరికిన గింజ తమదో కాదో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

"జర నిమ్మలంగ ఉండక్కా," అన్నాడు తిరుపతి.

"నిమ్మలంగనే ఉన్న తమ్మీ. కాళ్లే ఆగుతలేవు."

సుమన ఎదురొచ్చింది. ఆకుపచ్చ పట్టు, నెత్తి మీద కూలింగ్ గ్లాసెస్. హాలంతా మెడలు తిప్పి చూసింది.

"రుద్రాక్ష అంచు దొరుకుతుందా?"

"దొరకదు మేడమ్. కోట కొమ్మ ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె చీర తడిమి చూస్తూ గొంతు తగ్గించింది. "రేకున్న అచ్చు పక్కది. తీసుకుని వెళ్లిపో."

తిరుపతి బల్ల మీదికి వంగాడు. రేకున్న అచ్చు. పక్కన గుండు. మచ్చ నున్నగా, బిళ్లలా ఉంది. దాని అచ్చుకు అది సరిపోయింది. పక్కది చూశాడు. రెండు దవడల పాత అచ్చు. రేకు లేదు. కానీ గుండు మీది మచ్చ మాత్రం నున్నగా, బిళ్లలా ఉంది!

ఆ అచ్చుకు ఆ కోత రానే రాదు. వేడి సీసం పోస్తే గింజలు మాడతాయని డొల్ల గుండును విడిగా అతికించి, మచ్చ మాత్రం పక్కదాన్ని చూసి దించారు. గింజలు అందులోనే ఉన్నాయి. మరి సుమన రేకున్న అచ్చు పక్కది తీసుకోమంది.

అమ్ముడుపోయింది! తిరుపతి హన్మమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, ఫారిన్ సార్‌కు మంచి చీర చూపియ్."

హన్మమ్మ మూటలోంచి చీర తీసి బల్ల నిండా పరిచింది. "బ్యూటిఫుల్!" అంటూ కార్ల్ వంగాడు. పట్టు కింద తిరుపతి చేతులు రెండు గుండ్లనూ అటుదిటు, ఇటుదటు మార్చాయి. కార్ల్ అంచు ఎత్తేసరికి అవే చేతులు మడతలు సర్దుతున్నాయి.

తర్వాత, సుమన చెప్పినట్టే, రేకున్న అచ్చు పక్కన ఉన్న గుండును తీసుకున్నాడు. ఆమె చూసీ చూడనట్టు నవ్వింది. అతను బొత్తాం నొక్కాడు. ఇక పోలీసులు గేటు దాటి రావడమే మిగిలింది.

కార్ల్ పెట్టె తెరిచాడు. అందులో పెట్టడానికి సుమన పాత అచ్చు పక్కనున్న గుండు ఎత్తింది. చెయ్యి ఆగిపోయింది. డొల్ల గుండుకు అంత బరువుండదు.

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. గురి హన్మమ్మ తలకి.

"నీ చేతిలోది మూకుట్లో వెయ్ తిరుపతీ. ఇప్పుడే."

మూకుట్లో సీసం తళతళలాడుతోంది. గేటు దగ్గర బూట్ల చప్పుడు ఇంకా దూరంగానే ఉంది.

"వెయ్యకు తమ్మీ!" హన్మమ్మ అరిచింది. "కాలిస్తే కాల్వనీ. గా విత్తనం లేకుంటే నా మొగడు ఎట్లనో సస్తడు!"

అరుస్తూనే ఆమె రెండు చేతులూ కొంగును ఒడి పట్టాయి. పత్తి ఏరేటప్పుడు పట్టినట్టే. తిరుపతి అది చూశాడు. చెయ్యి మూకుడు వైపు చాపి, గుండును ఆ ఒడిలోకి విసిరాడు.

సుమన కళ్లు గుండు వెంట పోయాయి. ఆ రెప్పపాటులో తిరుపతి బల్ల మీది చీర లాగి ఆమె తల మీద కప్పేశాడు. తూటా సీలింగుకు తగిలింది. పోలీసులు లోపలికొచ్చేసరికి పిస్టల్ తిరుపతి చేతిలో ఉంది. కార్ల్ తాను టూరిస్టునని అందరికీ చెప్తున్నాడు. హన్మమ్మ మాత్రం పట్టిన ఒడి వదల్లేదు.

సాయంత్రం గద్వాల దవాఖానలో గుండును అతుకు దగ్గర విడదీశారు. హన్మమ్మ గింజల్ని అరచేతిలో పోసుకుంది. ఒక్కటొక్కటే తిప్పి చూసింది. ఆమె కళ్లు నిండాయి.

"మనయే," అని మొగుడి మంచం మీదికి ఒంగింది. కట్లు కట్టిన చేతులతో బాలన్న ఆమె చెయ్యిని పట్టుకున్నాడు.

ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు. "బాలన్నా, డిపార్ట్‌మెంట్ తరఫున ఇంకేమన్నా సాయం కావాలా?"

బాలన్న కిటికీలోంచి ఎర్రగా మండుతున్న ఆకాశం వైపు చూశాడు.

"విత్తనమైతే దొరికె సార్. గా వాన మొగులు యాడ దాక్కున్నదో, మీ తిరుపతిని జర అది గూడ పట్కరమ్మనున్రి."