రెండో పేజీలో గంట

గల్ఫ్‌లో, అల్ వర్సాన్ అనే చోట, గోడౌన్ల వెనక వరుసలో ఒక కోల్డ్ స్టోర్ ఉంది. కంపెనీ పేరెందుకులెండి... చేపలూ కోళ్ళూ మైనస్ పద్దెనిమిదిలో బిగుసుకుపోయి పడుండే చోటు. అందులో తొమ్మిదో నంబరు గదికి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా పోరు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఏసురాజు మెడలో సిలువ వేసుకుని కూడా పోడు.

బయట గడియ పడే ఉంటుంది. లోపల పురుగు కూడా ఉండదు. అయినా లోపలి గంట మోగుతుంది...

గంటంటే గుడి గంట కాదు. చలిగదిలో ఎవరైనా చిక్కుకుపోతే నొక్కడానికి తలుపు పక్కన పచ్చగా మెరిసే బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే వాచ్‌మన్ బల్ల మీది పెట్టె కుయ్యిమంటుంది. గది నంబరు మీద ఎర్రలైటు వెలుగుతుంది.

ఎవరు నొక్కుతున్నారో అందరికీ తెలుసు, పైకి మాత్రం అనరు. ఇరవై ఒకటిలో, కరోనా రోజుల్లో, దేవేందర్ అనే హెల్పర్ ఆ గదిలో చిక్కుకుపోయాడు. ఆ రాత్రి వాడి డ్యూటీ కాదు. జ్వరమొచ్చిన రూమ్మేట్‌కి బదులుగా వచ్చాడు. డ్యూటీ లిస్టులో పేరు లేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. తెల్లారాక కోడి డబ్బాల మధ్య దొరికాడు.

ఇక ఈ గంట సంగతి తేల్చిపారేయడానికి రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో ఒక మహానుభావుడు బయల్దేరాడు. పేరు రత్నాకర్. కంపెనీ గోడౌన్లన్నిటి నుంచీ వచ్చే సమాచారం క్లౌడ్‌లో సరిగ్గా పారుతోందో లేదో చూడటం అతని ఉద్యోగం. పుట్టింది కోరుట్లలో. ఎవరడిగినా హైదరాబాద్ అంటాడు. పని బట్టల్లో ఉన్న మనిషెవరైనా "అన్నా, మనది జగిత్యాల దిక్కే" అని పలకరిస్తే హిందీలో జవాబిస్తాడు. తెలుగులో నోరు విప్పితే ఎక్కడ చుట్టరికం అంటుకుంటుందోనని భయం.

"దెయ్యానికి వీసా ఎవరిచ్చారు? దాని కఫీల్ ఎవరు, ఎవరి పూచీ మీద వచ్చింది?" అన్నాడు ఆఫీసులో. అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదు కదా.

నవ్వని మనిషి ఒక్కడే. వాచ్‌మన్ రాజలింగం. మెట్‌పల్లి దగ్గర పల్లె, యాభై నాలుగేళ్ళు. వరసగా మూడు రాత్రులు రిజిస్టర్‌లో అవే మూడు మాటలు రాశాడు: *తొమ్మిదో గది గంట మోగింది. తెరిచాను. ఎవరూ లేరు.*

అది చూసి ముదీర్‌కి, అదే మేనేజర్‌కి, మండింది. ఈ రాతల వల్లే లోడింగ్ వాళ్ళు రాత్రిపూట ఆ గదికి పోవడం మానేశారని ఆయన లెక్క. కంప్యూటర్‌లో గంట మోగినట్టుంటే బాగు చేయిస్తాడు. లేకపోతే ముసలాడు అబద్ధాలకోరు — తెల్లారి వీసా క్యాన్సిల్, ఊరికి టికెట్, ఖలాస్. ఇంకో ఏడాది గట్టిగా ఉంటే రాజలింగం చిన్నకొడుకు పాలిటెక్నిక్ అయిపోతుంది. అదీ ఆ గంట మీద వేలాడుతున్న సంగతి.

ముసలాణ్ణి అక్కడికక్కడే పట్టేయాలని రత్నాకర్ రాత్రి ఒంటిగంటన్నరకు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని దిగాడు. ఇంటర్నేషనల్ సిటీ నుంచి పది నిమిషాల దూరం. అంతమాత్రానికే త్యాగం చేసినవాడిలా మొహం పెట్టాడు. వాచ్‌మన్ కుర్చీలో తను కూర్చున్నాడు. వాచ్‌మన్ నిలబడ్డాడు.

బల్ల మీది పెట్టె ఉండుండి కీచుమంటోంది. రత్నాకర్ వైరు పీకేశాడు.

"గా పెట్టె బంద్ జెయ్యకుండ్రి సారూ..." అన్నాడు రాజలింగం మెల్లగా.

"బ్యాటరీ అయిపోయి అరుస్తోంది. ఈ డబ్బాని నమ్మే కదా ఇంత దూరం తెచ్చావ్? గంట మోగితే నా కంప్యూటర్‌కి రావాలి. రాకపోతే మోగనట్టు," అన్నాడు రత్నాకర్ హిందీలో.

నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టాడు. పేర్లు జలజలా కిందికి రాలాయి. రాజలింగం వంగి చూస్తుంటే రత్నాకర్‌కి హిందీ చాలదనిపించి, గొప్ప ఉపకారం చేస్తున్నట్టు తెలుగులోకి దిగాడు.

"అన్ని గోడౌన్ల గంటలూ, తలుపులూ, చలీ — మొత్తం ఒక కాలువలా పోతుంది. ఆ కాలువని పాయలుగా చీల్చాం. పార్టిషన్లు అంటారు. ఇది వాటి లిస్టు. నీ గంట మోగి ఉంటే ఏదో ఒక పాయలో పడి తీరాలి. అర్థమైందా?"

"గీ పక్కపొంటి ఏం రాసుంది సారూ?"

"ఎక్స్‌పైర్డ్. నీళ్ళెక్కువైతే ఒక పాయని రెండు చేస్తాం. పాతది చచ్చిపోతుంది. పేరు మాత్రం లిస్టులో ఉంటుంది."

రాజలింగం తెరకి ఇంకా దగ్గరగా వంగాడు.

"అంటే... సచ్చినోళ్ళ పేర్లు ముందుగాల వస్తయా?"

"పాతవి ముందు, కొత్తవి తర్వాత. నీకెందుకివన్నీ?"

లిస్టులో వంద పేర్లొచ్చాయి. డెబ్బై నాలుగు చచ్చినవి. బతికున్న ఇరవై ఆరింటినీ ఒక్కొక్కటే వెతికించాడు. మూడు రాత్రుల తొమ్మిదో గది గంట... ఒక్కచోటా లేదు. నిజానికి తొమ్మిదో గది చలి లెక్క కూడా వాటిలో ఎక్కడా లేదు. ఆ గది నుంచి అసలేమీ రావడం లేదేమిటని అనుమానం రావలసింది. రాలేదు. ముసలాడు అబద్ధాలకోరని ఇంటి దగ్గరే తీర్మానించుకుని వచ్చినవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

"లేదు," అన్నాడు రత్నాకర్. ఆ ఒక్క మాటలో ఎంత సంతోషమో.

"మోగింది సారూ. నా పిల్లల మీద ఒట్టు."

"సరే, వెళ్ళి నొక్కు. నా కళ్ళ ముందే తేలిపోతుంది."

రాజలింగం కదల్లేదు. "లోపటి పిడి ఉట్టిగనే తిరుగుతది సారూ, తలుపు తెరుసుకోదు. రెండు నెలలాయె కాయితం రాసిచ్చి. నేను పోయినప్పుడు చెక్కముక్క అడ్డం వెట్టి పోత."

"తలుపు తెరిచి పెడితే ఆ అలారం ఒకటి వచ్చి పడుతుంది. మూసి నొక్కు. ఐదు నిమిషాల్లో నేనొచ్చి తీస్తా."

రాజలింగం జాకెట్ జిప్పు పైకి లాక్కున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"సారూ... దేవేందర్‌గాడు లోపటున్న రాత్రి డ్యూటీల నేనే ఉన్న. గంట ఇన్న. లిస్టు సూసిన. లోపట ఎవ్వలు లేరని ఉండె... లిస్టు సూసి ఊకున్న." వరండా చివరికి చూశాడు. "గందుకే ఇప్పుడు ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లు పోయి తీస్త."

"కథలు తర్వాత. యల్లా, నడువు."

రెండుంబావు అయింది. చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళింది... దూరంగా బరువైన తలుపు మూసుకుంది... ఆ తర్వాత కంప్రెసర్ల హోరు తప్ప ఏమీ లేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. తెర మీద ఏమీ పడలేదు.

పది నిమిషాలు. ఏమీ లేదు.

మీరూ నేనూ అయితే లేచి వెళ్ళి చూస్తాం. రత్నాకర్ చదువుకున్నవాడు. ఆలోచించాడు. గంట రాలేదంటే నొక్కలేదు. నొక్కలేదంటే లోపలికి పోలేదు. పోలేదంటే భయపడి వెనక గేటు దగ్గర చాయ్ తాగుతూ ఉండుంటాడు. మెట్టు మెట్టుగా ఎంత చక్కటి లెక్క. ఆ మెట్లన్నీ లేని నేల మీద కట్టినవి.

ఎక్కడో... ధబ్.

తలెత్తాడు.

ధబ్... ధబ్.

ఐసు గడ్డలు రాలుతున్నాయనుకున్నాడు. మళ్ళీ తల దించుకున్నాడు. ఇంకాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. అతనికి హాయిగా అనిపించింది, పాపం.

ఇక ముదీర్‌కి మెయిల్ మొదలుపెట్టాడు. తొమ్మిదో గది గంట మోగిన దాఖలా లేదు. వాచ్‌మన్ రాతలు కల్పితం. సాక్ష్యం కింద లిస్టు మొత్తం అతికిద్దామని మొదటి పేరు నుంచి చివరిదాకా ఎంచుకున్నాడు. చివరిదాకా... అంతసేపట్లో అతని చూపు లిస్టు అడుగుకి దిగడం అదే మొదటిసారి.

వందో పేరు కింద ఇంకో వరుస ఉంది.

అది ఇంగ్లీషులో ఉంది గానీ దాని అర్థం ఇంతే — *ఇంకా ఉన్నాయా: నిజం.*

రత్నాకర్ ఆ వరుసను రెండుసార్లు చదివాడు.  ఆ కమాండ్ ఒక్కసారికి అడిగేది వంద పేర్లే, అదే ఒక పేజీ. వంద ఇచ్చి ఊరుకుంది. ఇంకా ఉన్నాయని మర్యాదగా కింద చెప్పింది కూడా. పోయిన నెల పాయల్ని చీల్చింది ఇతనే. చచ్చినవాటితో మొదటి పేజీ నిండిపోయింది, కొత్తగా పుట్టినవి రెండో పేజీలో పడ్డాయి.

రెండో పేజీ అడిగాడు. ఎనిమిది పేర్లు. ఎనిమిదీ బతికున్నవే.

మూడోదాన్ని తెరిచాడు. తొమ్మిదో గది, గంట. మొన్నటిది ఉంది, నిన్నటిది ఉంది, అటు మొన్నటిది ఉంది. ముసలాడు రాసిన టైములే, నిమిషం తేడా లేకుండా.

దాని కింద... ఈ రాత్రివి. రెండు పదిహేడు. రెండు పద్దెనిమిది. రెండు ఇరవై ఆరు. రెండు ముప్ఫై ఒకటి...

టైము చూశాడు. రెండు నలభై తొమ్మిది.

కుర్చీ వెనక్కి పడింది. వరండా పొడవునా పరుగెత్తాడు. గడియ లాగుతుంటే వేళ్ళు జారాయి. తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగ మొహాన కొట్టింది. ఏమీ కనబడలేదు.

"రాజలింగం..."

 పొగ కొంచెం పలచబడింది. మూలన, చేప డబ్బాల పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆకారం. మీసం మీద తెల్లటి పొడి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

రత్నాకర్ నోట్లోంచి కోరుట్ల ఊడిపడింది.

"కాకా... ఓ కాకా. లెవ్వు. నేనే తప్పు జేసిన కాకా, లెవ్వు."

కళ్ళు కదిలాయి.

చంకల్లో చేతులేసి లోడింగ్ బే దాకా ఈడ్చుకొచ్చాడు. రాత్రి షిఫ్టులో ఉన్న ఏసురాజు పరుగెత్తుకొచ్చి దుప్పట్లు కప్పాడు, అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. అందరూ రోజూ తిట్టుకునే ఆగస్టు ఉక్క ఆ రాత్రి ముసలాయన వీపు నిమిరింది. ఫ్లాస్కులో చాయ్ చెంచాడు చెంచాడు పోస్తే మాట వచ్చింది.

రత్నాకర్ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు. తప్పయిపోయిందని చెప్పడానికి ఆ మనిషి దగ్గర తెర తప్ప ఇంకేముంది?

"అన్నీ వచ్చినయ్ కాకా. మూడు రాత్రులవీ ఉన్నయ్. ఇయ్యాల్టివి గూడ... పదకొండు సార్లు ఒత్తినవ్."

రాజలింగం తల అడ్డంగా ఊపాడు.

"రెండుసార్లే ఒత్తిన."

"పదకొండు ఉన్నయ్ కాకా."

"రెండుసార్లు ఒత్తిన. తలుపు గుద్దిన. ఆనక చేతులు లేవలె... మూలకు వోయి కూసున్న."

ఏసురాజు సిలువ పట్టుకున్నాడు. రత్నాకర్ నోరు తెరిచాడు. బటన్‌లో మంచు చేరి ఉంటుంది, దానంతట అదే నొక్కుకుని ఉంటుంది... చెప్పాల్సిన మాట అదే. మామూలు రోజైతే నవ్వుతూ చెప్పేవాడు. ఇప్పుడు మాత్రం జారిపోతున్న దుప్పటిని ముసలాయన భుజాల మీదికి లాగాడు.

చేయడానికేమీ తోచక ఏసురాజు పక్కనే ఉన్న వాచ్‌మన్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఊడిపోయి వేలాడుతున్న వైరు చూసి తిరిగి గుచ్చాడు.

పెట్టె కుయ్యిమంది.

తొమ్మిది మీద ఎర్రలైటు.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లోపల ఎవరూ లేరు. ఉన్న ఒక్కడూ దుప్పట్లో చుట్టుకుని ఇక్కడే ఉన్నాడు. రత్నాకర్ చెయ్యి అలవాటు కొద్దీ కీబోర్డ్ మీదికి పోయింది. దాని మీద ఇంకో చెయ్యి పడింది. ఐసులా చల్లగా ఉంది.

"లిస్టు సూడకు బిడ్డా," అన్నాడు రాజలింగం గుసగుసగా. "పోయి తియ్యి."

రత్నాకర్ లేచాడు. ఒక్కడే వెళ్ళాడు. వరండాలో అడుగుల చప్పుడు... గడియ చప్పుడు... ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. అంబులెన్స్ వచ్చి రాజలింగాన్ని ఎక్కిస్తుంటే తిరిగొచ్చాడు. ఏం చూశావని ఏసురాజు అడిగితే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పడు.

రాజలింగం కోలుకున్నాడు, ఊరికి పోవలసిన పని పడలేదు. తలుపు లోపలి పిడి మర్నాడే బాగుపడింది. రిజిస్టర్ ఆ బల్ల మీదే ఉంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు. ఆ రాత్రి రాసింది మాత్రం రాజలింగం చేతిరాత కాదు. ఏళ్ళ తరబడి తెలుగు రాయని చెయ్యి, వంకర టింకర అక్షరాలు, కింద రత్నాకర్ సంతకం.

*తొమ్మిదో గది గంట మోగింది. తెరిచాను.*

మూడో మాట రాయలేదు.