ఒక్క అక్షరం జవాబు

ఎండాకాలం సెలవులు ఇచ్చేలోగా అప్పలసూరి చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాలి. నాన్న కూర్మయ్యకి కళ్లజోడు కొనాలి. సొంతూళ్లో మొదటి బి.ఏ. తనే కాబట్టి రైతుల అర్జీలు రాసిపెట్టాలి. కుంతలకి గుణింతాలు పూర్తి చేయించాలి. కుంతలని ఒక మాట అడగాలి.

అది అరవై ఏడో సంవత్సరం. పాతపట్నంలో అప్పలసూరి బళ్లో మాస్టారు. కుంతల పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒడియా కాంపౌండరుగారి అమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది గాని రాయలేదు. నర్సు ట్రైనింగుకి తెలుగు రాయడం రావాలని, అప్పలసూరి అద్దెకున్న ఇంటి అరుగు మీదకి చదువుకోవడానికి వచ్చేది.

మొదటి రోజే పేచీ.

"ఇది నా పలక. రాయండి."

కుంతల కిసుక్కున నవ్వింది. "పలక కాదా? మరేటండి, పెంకా?"

"కాదని ఎవరన్నారు?"

"మీరే అన్నారు కదా, 'నా' అని! మా ఒడియాలో 'నా' అంటే కాదు, వద్దు."

"మా తెలుగులో 'నా' అంటే నాది."

"బాగుంది మాస్టారూ! మీరు నాది అన్నప్పుడల్లా నాకు వద్దని వినిపిస్తాది."

మిరపకాయలు ఎండబెడుతున్న ఇంటావిడ లక్ష్మణమ్మ అటునుంచే కేకేసింది. "ఒసే, సదువా, సరసమా?"

కుంతల తల వంచేసుకుంది. ఆ వంచిన తల మీద వేసవి వాన చినుకు ఒకటి పడింది. అప్పలసూరి మనసు కూడా సరిగ్గా అక్కడే పడింది.

సెలవులకి ముందురోజు ఆమె కాపీపుస్తకంలో ఒక వాక్యం రాశాడు. 'మీకిష్టమైతే మీ నాన్నగారితో మాట్లాడతాను. ఒక్క మాట రాయండి, చాలు.'

మర్నాడు కుంతల ఆ పుస్తకాన్ని లక్ష్మణమ్మ చేత తిరిగి పంపింది. పేజీ మధ్యలో, గుండ్రంగా, ఒకే ఒక్క అక్షరం.

నా.

అప్పలసూరి చాలాసేపు చూశాడు. తెలుగులో 'నా' ఒంటరిగా నిలబడదు, వెనక ఏదో ఒకటి రావాలి. ఏమీ లేదంటే అది ఒడియా మాటే. వద్దు అని.

వద్దన్న పిల్లని మళ్లీ అడగడం మర్యాద కాదనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా భోగాపురం వైపు బదిలీ చేయించుకున్నాడు.

రెండేళ్ల తర్వాత, ఏదో పనిమీద పాతపట్నం వెళ్లి తిరిగొస్తూ, పెద్ద లైను బండికి మారడానికి నౌపడా స్టేషన్లో చిన్న రైలు దిగాడు. ప్లాట్‌ఫారం మీద పెట్టె పక్కన కుంతల. పాపిట నిండుగా సిందూరం, చేతులకి శంఖు గాజులు.

"మాస్టారూ! సెప్పకుండా అలా వెళ్లిపోయారేటండి?"

"వద్దన్నారు కదండీ."

"ఎవరు? నేనా? 'నా' అని రాశాను కదా!"

"అవును. అంటే వద్దనే కదా?"

ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో, మీ భాషలో రాశానండి. మీరే కదా నేర్పారు, నాది అని! వెనక మీ పేరు రాయడానికి సిగ్గేసింది. మీరే రాసుకుంటారనుకున్నాను."

"నేను... మీ భాషలో చదివాను."

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

"మీ కోసం ఏడాది సూశాను. తర్వాత నాన్న కటక్‌లో ఇచ్చీశారు. ఆయన మంచోరే. కానీ అక్కడ నాతో తెలుగు మాట్లాడేవోళ్లు లేరు మాస్టారూ. మాటలు మరిచిపోతన్నాను."

టీ తీసుకొస్తున్న భర్త "ఆస!" అని ఒడియాలో పిలిచాడు. రమ్మని. అప్పలసూరి చెవికి అది ఆశ అనే వినిపించింది. ఆమె వెళ్లింది. పెద్ద లైను మీద మెయిల్ వచ్చింది, ఆమెని ఎక్కించుకుని పోయింది.

ఇది చదివే మీకు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా ఒకసారి కుంతలని గుర్తు చేసుకోండి.