అల్లుణ్ణి అడగని కాగితం

అది 1988. సోమవారం పొద్దున్నే అనసూయ భర్త నల్లకోటుకి ఇస్త్రీ చేస్తోంది. తెనాలిలో కాపురం, బాపట్లలో ప్రాక్టీసు. ఎనిమిదింటి రైలు తప్పితే బసవేశ్వరరావుకి కాళ్ళాడవు. అంతలో రేపల్లె మొదటి బస్సు దిగి ఆమె తండ్రి పున్నారావు వచ్చాడు.

"ఏంటి నాన్నా, ఆ చెమటలేంటి?"

"నిన్న పోలీసులొచ్చారమ్మా. వారెంటంట. గొడ్లచావిట్లో దాక్కున్నా."

పొలం గట్టు తగాదాలో రేపల్లె కోర్టు ఆయనకి ఆరు నెలల జైలు వేసి, అప్పీలు వేసుకోవడానికి నెల గడువిచ్చి బెయిలు మీద వదిలింది. తెనాలి పైకోర్టులో అప్పీలు వేశానని అల్లుడు చెప్పి రెండు నెలలైంది. దానికో నంబరుంటుందని, కాగితం ఇస్తారని పున్నారావుకి తెలియక కాదు. కాగితం చూపించమని అల్లుణ్ణి ఏ మామ అడుగుతాడు? మన ఇళ్ళల్లో మర్యాద ఇలాగే కొంప ముంచుతుంది.

"ఏదో పొరపాటు పడుంటారు బాబూ. మీరొక్క మాట చెబితే..." అన్నాడు పున్నారావు.

"కనుక్కుంటాను మావయ్యగారూ." బసవేశ్వరరావు సగం తాగిన కాఫీ కింద పెట్టేశాడు. అనసూయ ఇస్త్రీ ఆపి అతని వైపు తిరిగింది.

"అప్పీలు నంబరెంతండి?"

"ఆఫీసులో ఉంది."

ఆమె నేరుగా వెళ్ళి, అతను కాగితాలు పెట్టుకునే బీరువా తెరిచింది. తండ్రి సంతకం పెట్టిన వకాల్తా, తీర్పు నకలు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఎందుకు వెయ్యలేదు?"

"వెయ్యలేను." అతను కుర్చీలో కూలబడ్డాడు. "నేను లాయర్ని కాదు అనసూయా. లా పరీక్ష తప్పాను. బాపట్లలో ఒకాయన దగ్గర గుమాస్తాని. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి లాయరన్నాడు, నేను కాదనలేదు. ఈ కేసు ఇంకొకరికిస్తే నా సంగతి బయటపడుతుందని..."

అనసూయ ఆ నల్లకోటు వైపు చూసింది. నాలుగేళ్ళుగా ఎవరితో కాపురం చేస్తోంది తను?

"ఆర్నెల్లేగా తల్లీ, వెళ్ళొస్తా," అన్నాడు పున్నారావు మెల్లగా. "ఈ మాట గడప దాటనివ్వకు. ఆయన జైలుకెళ్తే నీ బతుకేంగాను?"

"నీకు షుగరు నాన్నా! లోపల నీకేదన్నా అయితే, ఈయనకి మళ్ళీ అన్నం వడ్డించగలనా నేను? లేవండి. ఇద్దరూ లేవండి!"

పదింటికి ముగ్గురూ తెనాలి లాయరు జగన్నాథరావు ముందు నిలబడ్డారు. ఆయన కాగితాలు చూసి కళ్ళద్దాలు తీశాడు.

"గడువు దాటింది. ఆలస్యానికి కారణం ప్రమాణం చేసి చెప్పాలి. ఏం రాయమంటారు?"

బయట జీపు చప్పుడైంది. పున్నారావు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నాకు జొరమొచ్చిందని రాయండి బాబూ."

"అబద్ధం సార్," అన్నాడు బసవేశ్వరరావు. "లాయర్నని నమ్మించి నేనే మోసం చేశాను. అదే రాయండి, సంతకం పెడతాను."

"నీ మీద కేసవుతుందయ్యా. తెలుసా?"

"తెలుసండి."

అనసూయకి అప్పుడొచ్చింది ఏడుపు. పొద్దున ఒక్కరి కోసం భయపడింది, ఇప్పుడు ఇద్దరి కోసం భయపడుతోంది. అయినా ఈ మనిషెవరో ఆమెకి ఇప్పుడు తెలుసు.

లాయరు రాసిన కాగితం ముందుకు జరిపాడు. పున్నారావు కండువాతో కళ్ళు తుడుచుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి అల్లుణ్ణి నువ్వనేశాడు.

"కూర్చోరా అబ్బాయ్. చెయ్యి అంత వణుకుతుంటే నిలబడి ఎట్టా పెడతావు సంతకం?"