మంచినూనె

2093 నాటికి తైలదర్శి లేని వంటిల్లు లేదు. గరిటెంత ఉండే ఆ పరికరాన్ని నూనెలో ముంచితే చాలు, కాంతితో అణువుల్ని గాలించి, "ఇది మంచి నూనె" అనో, "ఇది మంచి నూనె కాదు" అనో చెప్పేది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మృదులది కాకినాడ. అది కొలిచే పద్నాలుగు అంకెలూ ఎవరు చదువుతారులే అని ఆ ఒక్క ముక్కతో సరిపెట్టింది.

ఆమ్లం, రంగు, మడ్డి తక్కువుంటే మంచిదని దానికి నేర్పింది. రిఫైన్డ్ నూనెలో అవి మిగలవు. క్షారంతో కడిగి, రంగు విరిచి, ఆవిరితో వాసన తీసేస్తారు. ఆ వేడికి విటమిన్ ఇ కూడా కొంత పోతుంది. గానుగ నూనెలో అది నిలుస్తుంది, కానీ బూజు పట్టిన గింజ ఆడిస్తే ఆ బూజు విషమూ నిలుస్తుంది. ఇంత సంగతిని ఒక్క ముక్కలో ఇరికించడం తన బద్ధకమేనని మృదులకు ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది.

కోయిలకుంట్ల వైపు నువ్వుల నూనె పేరే మంచినూనె. గానుగ ఓబులేసు అమ్మిన నూనెను యంత్రం "మంచి నూనె కాదు" అనగానే, అది నువ్వులదే కాదని, కల్తీ అని ఊరు అర్థం చేసుకుంది. ఓబులేసు మీద ఊరివాళ్ళు పంపగా తాను ఎప్పుడో మూలన పడేసిన ఒక ఫిర్యాదులో ఆ సంగతి చదివి, మృదుల సిగ్గుతో చచ్చిపోయింది. తీర్పు మాట తీసేసి, గుణదోషాలన్నీ చెప్పే కొత్త తైలదర్శితో ఆ ఊరు వెళ్ళింది.

ఓబులేసు అమ్మకం మానేసి దీపానికి మట్టుకే ఆడించుకుంటున్న నూనె తెచ్చాడు.

"ఆమ్లం కొంచెం ఎక్కువ. విటమిన్ ఇ బాగా ఉంది. బూజు విషం లేదు" అంది యంత్రం.

"అదంతా నాకెందుకు తల్లీ? మంచినూనేనా, కాదా?"

"మంచినూనే, పెద్దాయనా. తప్పంతా నాది."

ముసలాయన నూనె గిన్నె కింద పెట్టాడు.

"ఊరోళ్ళు నమ్మినారు, సరే. నేనూ నమ్మితి గదా! నా కొడుకు మద్దిలేటే ఏందో కలిపినాడనుకొని నలుగుర్లో వాణ్ని కొడితి. యాభై ఏండ్లు గానుగాడించినోణ్ణి, ఒక్కసారి వాసన జూసింటే తెలిసేది. జూడల్యా."

మృదులకు కన్నీళ్ళు ఆగలేదు. "ఇప్పుడైనా మీ అబ్బాయితో చెప్పండి."

"ఎదురింట్లోనే ఉండాడు. నేను జెప్తే నమ్మడు. నీ మిషన్‌తో జెప్పించు. ఆ పాత మాటే అనాల."

ఇంకెప్పుడూ ఆ మాట అనిపించకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది మృదుల. ముసలాయన ముఖం చూశాక కాదనడం చేతకాలేదు. ఆ వాక్యాన్ని తన చేత్తోనే మళ్ళీ ఎక్కించింది.

ఎదురింటి అరుగు మీద యంత్రం "ఇది మంచి నూనె" అంది. మద్దిలేటి తండ్రి వైపు చూడలేదు. పరికరం వైపే చూస్తూ, "ఇంగోసారి అనిపించమ్మా" అన్నాడు. అది మళ్ళీ అంది. అప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

చుట్టూ చేరినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే ఇళ్ళకు పరుగెత్తి, ఎవరి నూనె సీసా వాళ్ళు తెచ్చుకుని మృదుల ముందు వరుస కట్టారు. ఒక్కరూ మూత తీసి వాసన చూడలేదు.