అత్తగారి మునగాకు

"ఏటే, మొగుడి మాత్రలు సూసుకోడం కూడా మరిసిపోనావా! ఇలాటి కోడల్ని ఏ తల్లైనా తెచ్చుకుంటాదా?... నా కొడుకు నోటి మాట తినీసినావు కదే!"

సోమలమ్మ గొంతు వీధిలోకి వినిపిస్తోంది. అప్పలలక్ష్మి తలెత్తలేదు. మంచం మీద భర్త సూర్యప్రకాష్ కుడిచెయ్యి చచ్చుపడి ఉంది. ఆ వేళ్లను తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తోంది. నిన్ననే విశాఖ ఆసుపత్రి నుంచి నర్సీపట్నం తీసుకొచ్చారు. "మళ్లీ ఛాతీ తెరిస్తే తట్టుకోలేరమ్మా... ఇంటి దగ్గరే ఉంచుకోండి" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు! ఎడమచెయ్యి ఇంకా కదులుతోంది, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు... అదే పదివేలనుకుంది.

వేసవిలో గుండె తెరిచి, చెడిపోయిన వాల్వు తీసి లోహపు వాల్వు వేశారు. ఇల్లు సద్దుమణిగితే చాలు, అతని ఛాతీలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించేది. "లచ్చీ, బేగి అన్నమెట్టు! గుండెల్లో గడియారం పన్నెండు కొట్టీసింది!" అని నవ్వించేవాడు. ఆ చప్పుడు వింటేనే ఆమెకు నిద్ర పట్టేది...

వాల్వు దగ్గర నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆకుకూరలు ఎక్కువైతే ఆ మాత్ర పనిచేయదని డాక్టరుగారు భార్యాభర్తలిద్దరికీ మరీ మరీ చెప్పారు. వంటంతా తనదే కనుక అప్పలలక్ష్మి ఆ మాట అత్తకు చెప్పనేలేదు. ఆషాఢంలో పుట్టిల్లు కోటవురట్ల నుంచి, తల్లికి జ్వరమని కబురొచ్చింది. భర్త మాత్రలు ఏ పూటవి ఆ పూటకు పొట్లాలు కట్టిపెట్టి, కంగారుగా బయల్దేరింది.

వారం తర్వాత వచ్చి చూస్తే వంటింట్లో మునగాకు దూసిన పుల్లల కుప్ప! ఆషాఢంలో మునగాకు తినాలి కదా! తెలగపిండి వేసి రోజూ వండి, పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది సోమలమ్మ. "సూడవే! నీ సప్పిడి కూడుతో ఎండిపోయిన పిల్లడు నా సేత్తో ఎలా తేరుకున్నాడో!" అని మురిసిపోయింది.

అప్పలలక్ష్మి పరుగున వెళ్లి భర్త ఛాతీకి చెవి ఆనించింది. చప్పుడు మందగించింది... గుడ్డలో చుట్టిన గడియారంలా! కారు మాట్లాడేలోపే అతని మూతి వంకరపోయింది, మాట పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరుగారికి ఉన్నదంతా చెప్పింది. కానీ బయట బెంచీ మీద, "బలిఘట్టం శివయ్యా, నన్ను తీసుకుపో" అని గుండెలు బాదుకుంటున్న అత్తను చూడగానే మాట మారిపోయింది. "పొట్లాల్లో అసలు మాత్ర పెట్టడం మరిచిపోయానత్తా... తప్పంతా నాదే!" తను పెట్టిన ముద్దే కొడుకును పడేసిందని తెలిస్తే ఆ తల్లి బతుకుతుందా?...

ఇప్పుడు సోమలమ్మ గిన్నె పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. మళ్లీ మునగాకే!

"అడ్డు లెగు. నా సేత్తో నాలుగు ముద్దలు తింటే లేసి కూసుంటాడు."

"వద్దత్తా... గంజి తప్ప గొంతు దిగదు..."

"మాత్రలు నువ్వెలాగూ సూడలేదు. కన్నతల్లి కూడు కూడా తిననివ్వవా?"

అప్పలలక్ష్మి గిన్నె వైపు చూసింది. ఒక్క మాట చాలు! చెప్పేస్తే ఈ నింద దిగిపోతుంది, ఆ గిన్నె కూడా ఆగిపోతుంది...

సూర్యప్రకాష్ ఆమెనే చూస్తున్నాడు. అతనికి అన్నీ తెలుసు. తల్లి మురిపెం చూసి ఆ ముద్దలు కాదనలేకపోయాడు. ఇప్పుడు తల్లి అందించిన ముద్దకు నోరు తెరవలేదు. ఎడమచేత్తో తల్లి మణికట్టు పట్టుకుని, మెల్లగా లాగి, ఆ అరచేతిని భార్య నెత్తిన పెట్టాడు. కళ్లలోంచి నీళ్లు జారి తలగడలో ఇంకిపోయాయి.

"ఏటి నాయనా?... దీన్ని తిట్టొద్దంటావా?"

అతను కళ్లు మూసి తెరిచాడు.

"సర్లే నాయనా... ఇంకేటీ అన్నులే..." సోమలమ్మ రెండో చేత్తో గిన్నె కింద పెట్టేసింది. "ఆ గంజేదో నువ్వే పట్టవే... నీ సేత్తోనే తాగుతాడు."

చెంచాడు గంజి దిగింది. మరో చెంచా...

"ఒసే, ఆడి గుండెల్లో గడియారం ఉండాలి కదా? నా సెవులకి ఇనపడదు. నువ్విని సెప్పు."

అప్పలలక్ష్మి వంగి ఛాతీకి చెవి ఆనించింది. ఒక చప్పుడు... చాలాసేపటికి ఇంకొకటి, ఎక్కడో దూరంగా... ఆ తర్వాత ఎంత ఊపిరి బిగబట్టినా...

"ఉందత్తా" అంది తలెత్తకుండానే. "బాగా వినిపిస్తోంది."

సోమలమ్మ చెయ్యి ఇంకా ఆమె నెత్తిమీదే ఉంది. మెల్లగా నిమురుతోంది.