ఒక్క పన్ను

పన్ను వేసేది సర్కారు, పన్ను పీకేది దంతవైద్యుడు, పన్నును పొడి చేసేది పోల్. వేల ఏళ్ల నాటి ఎముకల్లో డీఎన్‌ఏ వెతికి ఎవరి పోలిక ఎవరికి వచ్చిందో తేల్చడం, లైప్‌జిగ్‌లోని ఒక ప్రయోగశాలలో హెన్నింగ్ పోల్ ఉద్యోగం. పోలికలు చూసేవాడికి పోల్ అని ఇంటిపేరు తగిలించిన దేవుడు, పక్కన జోడీని తగిలించడం మాత్రం మరిచిపోయాడు.

నవంబరు ముసురులో స్వాంట్యె వచ్చింది. జాలే నది ఒడ్డున ఓ చిన్న ఊరి మ్యూజియం బాధ్యత ఆమెదే. కోటు జేబులోంచి డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

“ఒక్క పన్నే ఇస్తున్నాను. పాపకి మిగిలినవే రెండు.”

“పాప పోయి నాలుగు వేల ఏళ్లయిందండీ. నమలడానికేం ఇబ్బంది పడదులెండి.”

“మీ జోకు కూడా అప్పటిదేనా పోల్‌గారూ?”

ఆ చూపుకి హెన్నింగ్ డ్రిల్లు తగలకుండానే పొడైపోయాడు.

ఆమెకి తెలియాల్సింది ఒకటే. పాప సమాధి పక్క సమాధిలో ఒక స్త్రీ దొరికింది. ఆమె పాప తల్లేనా? అయితే ఇద్దరినీ ఒకే అద్దాలపెట్టెలో పడుకోబెడుతుంది. “ఇన్నాళ్లూ వేరే వేరే గదుల్లో ఉంచాం” అంది, తప్పు తనదే అన్నట్టు.

హెన్నింగ్ ప్రయోగశాలలో మన మామ్మల మడి ఏ మూలకీ చాలదు. ఒళ్లంతా ముసుగు, చేతులకి రెండేసి తొడుగులు. బతికున్నవాళ్లని తాకి వస్తే తలకి పోసుకుని బట్టలు మార్చనిదే గుమ్మం తొక్కకూడదు. జీవుడి మరక ఇంత పడినా చచ్చినవాళ్ల గొంతు వినపడదు.

పక్క సమాధి స్త్రీ ఎముక చక్కగా పలికింది. పన్నూ పలికింది గానీ, పాప గొంతుతో కాదు. అందులో ఉన్నది బతికున్న ఆడమనిషి డీఎన్‌ఏ. ప్రయోగశాలలో ఎవరిదీ కాదు. ఇక మిగిలింది ఒక్కరే. హెన్నింగ్ ఫోన్ చేశాడు.

“మీ ఉమ్మి కావాలండీ.”

“జోకు నచ్చలేదన్నాను గానీ, మీ మీద ఉమ్మేంత కోపం లేదు నాకు.”

“నా మీద కాదు. గొట్టంలో.”

గొట్టం వచ్చింది. పోలిక కలిసింది. సంతోషించలేకపోయాడు. పన్ను మరీ పాతది, ఏమీ రాలేదు అని ఒక్క అబద్ధం ఆడితే ఆమె నొచ్చుకోకుండా వెళ్లిపోతుంది. నిజం చెబితే నొచ్చుకుని వెళ్లిపోతుంది. ఎటూ వెళ్లిపోయేదే.

కాఫీ హోటల్లో గసగసాల కేకు ముందు కూర్చుంది స్వాంట్యె. కిటికీ బయట వాన.

“తల్లేనా?”

“తెలీదు. పాప దొరకలేదు. పన్ను నిండా మీరే ఉన్నారు.”

ఆమె చెంచా కింద పెట్టింది.

“ఉత్త చేత్తో పట్టుకున్నారా?”

“రైల్లో డబ్బా గలగలమంటుంటే చూడలేక గుప్పిట్లో పెట్టుకున్నాను. దారంతా.” కిటికీ వైపు తిరిగింది. “వేసవిలో మా అమ్మ పోయింది. నేను ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. చెయ్యి పట్టుకోడానికి కూడా ఎవరూ లేరు. ఈ పిల్లనైనా ఒంటరిగా పంపకూడదనుకున్నాను. చివరికి నా చేత్తో నేనే చెరిపేశాను.”

దుఃఖాన్ని పంటిబిగువున ఆపుకుంది. హెన్నింగ్ నాలుక చివరికి ఒక శ్లేష వచ్చింది. మింగేశాడు.

“నాలుగు వేల ఏళ్లలో ఆ పాప చెయ్యి పట్టుకుంది మీరొక్కరే. నా దగ్గరికొచ్చే ఎముకలకి తొడుగులే తెలుసు, చేతులు తెలీవు.”

“ఓదారుస్తున్నారా?”

“లేదు. పనికొచ్చే మాట ఒకటి చెప్పేస్తున్నాను. ఆ పంట్లో ఎక్కడ వెతికినా నువ్వే ఉన్నావు. పంట్లోనే కాదు.”

మీరు అన్న నోరు నువ్వు అనేసింది. వెనక్కి తీసుకునే దారి లేదు. స్వాంట్యె కేకుని చెంచాతో చాలాసేపు పొడి చేసింది.

“ఇంక ఒక్క పన్నే ఉంది.”

“తెలుసు. అడగను.”

“నువ్వే వచ్చి తీసుకెళ్లు. ఈసారి నేను ముట్టుకోను.”

అంటూనే బల్లమీదున్న అతని చేతిని గుప్పిట్లోకి తీసుకుంది.

“ముట్టుకోనన్నావు?”

“పన్నుని.”

వాన ఆగలేదు. పాప తల్లి ఎవరో ఇంకా తెలియలేదు. ఆ మధ్యాహ్నం హెన్నింగ్ ప్రయోగశాల గుమ్మం తొక్కలేదు. తలకి పోసుకుంటే పోయే మైల కాదది.